పాత స్పోర్ట్స్ కారుతో రేసుల్లోకి దిగాలంటే: షెడ్డు నుంచి గ్రిడ్ దాకా

ఒక రేసు 20 నిమిషాలు, మహా అయితే అరగంట. దానికోసం కారు కింద వెల్లకిలా పడుకుని గడిపిన గంటల్ని లెక్కపెట్టడం నేను రెండో ఏడాదే మానేశాను. ఈ సరదాలోకి రావాలనుకునేవాళ్లు మొట్టమొదట అడిగేది "ఎంత స్పీడు పోతుంది?" అని. నేనూ అదే అడిగాను. ఉన్న డబ్బంతా ఇంజిన్ మీద పోసి, మొదటి సీజన్లో సగం రేసులు ట్రాక్ పక్కన గడ్డిలో నిలబడి చూశాను. "ఎంత దూరంలో ఆగుతుంది?" అని ఎవరైనా అడిగి ఉంటే బాగుండేది. అందుకే ఇందులో ఇంజిన్ గురించి తక్కువ, బ్రేకుల గురించి ఎక్కువ ఉంటుంది.

ఇంకో మాట ముందే చెప్పాలి. ఇందులో సంపాదన ఉండదు. పూర్తిగా చేతి చమురు భాగవతం, అదీ లీటర్ల లెక్కన. కానీ వయసు అడ్డం కాదు. హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్ నలభై దాటాక రేసింగ్ మొదలుపెట్టి, 1976లో ట్రయంఫ్ టీఆర్6తో అమెరికా అమెచ్యూర్ జాతీయ టైటిల్ గెలిచాడు. అప్పటికి ఆయనకు 51. మూడేళ్ల తర్వాత ఫ్రాన్స్‌లో జరిగే లె మాన్ 24 గంటల రేసులో రెండో స్థానం. మనం అంత దూరం పోనక్కర్లేదు, రేసు ముగిసిందని చూపే గళ్ల జెండా దాకా పోతే చాలు.

అడుగు 1: ఒక సీజన్ ట్రాక్ పక్కన నిలబడండి

కారు కొనకముందు క్లబ్బు రేసులకు వెళ్లండి. గుడ్‌వుడ్ రివైవల్, మొనాకో హిస్టారిక్, లె మాన్ క్లాసిక్ లాంటివి కళ్లకు పండగే, కాదనను. కానీ నేర్చుకోవడానికి చిన్న క్లబ్బు రేసులే మంచివి. అక్కడ కార్లు నిలిపే ప్యాడాక్‌లో తిరగొచ్చు, బానెట్ ఎత్తి ఉన్న కారు పక్కన నిలబడి ప్రశ్నలు అడగొచ్చు. పాత కార్ల వాళ్లకు తమ బండి గురించి చెప్పడం కన్నా ఇష్టమైన పని ఉండదు. మీరే "ఇక చాలు" అనాలి.

ఇంకా మంచి దారి, మార్షల్‌గా (ట్రాక్ పక్కన నిలబడి జెండాలు ఊపేవాళ్లు) వాలంటీర్ చేయడం. జెండాలు ఎప్పుడు ఊపుతారో, ఎవరు ఏ మలుపులో ఎందుకు అదుపు తప్పి గిర్రున తిరుగుతారో టికెట్ లేకుండా దగ్గర నుంచి చూడొచ్చు. అలా వెళ్లినప్పుడు ఒక లెక్క రాసుకోండి. శనివారం మధ్యాహ్నానికే ఏ మోడళ్లు ట్రెయిలర్ ఎక్కేస్తున్నాయి? ఏ మోడల్ వాళ్లు కుర్చీ వేసుకుని తాపీగా కూర్చుంటున్నారు? రెండో రకం కారు కొనండి.

అడుగు 2: కారు కన్నా ముందు రూల్సు పుస్తకం

చాలామంది ముందు కారు కొని, తర్వాత దానికి సరిపోయే పోటీ వెతుక్కుంటారు. తాళి కొని పెళ్లికూతురిని వెతికినట్టు ఉంటుంది వ్యవహారం. అంతర్జాతీయ స్థాయిలో హిస్టారిక్ కార్లకు ప్రపంచ మోటార్ రేసింగ్ సంస్థ ఎఫ్ఐఏ వాళ్ల 'అపెండిక్స్ కె' నియమాలు ఉన్నాయి. అవి కార్లను కాలాల వారీగా విడదీస్తాయి. 1947 నుంచి 1961 దాకా 'ఇ', 1962 నుంచి 1965 దాకా 'ఎఫ్', 1966 నుంచి 1969 దాకా 'జి1', ఆపైన ఇలాగే. ఆ స్థాయి పోటీలకు కారు పేరిట హిస్టారిక్ టెక్నికల్ పాస్‌పోర్ట్ కావాలి. అందులో ఆ కారు ఫోటోలు, ఇంజిన్ కొలతలు, బ్రేకుల రకం, గేర్‌బాక్సు వివరాలు అన్నీ ఉంటాయి. దానికి భిన్నంగా ఒక కార్బురేటర్ మార్చినా తనిఖీలో ఇబ్బందే.

చిన్న క్లబ్బులకు సొంత క్లాసులు ఉంటాయి, నియమాలు కొంత తేలిగ్గా ఉంటాయి. కొత్తవాళ్లకు అవే నయం. కానీ అక్కడ కూడా ఒకే మోడల్‌కు తయారైన ఏడాదిని బట్టి గ్రూపు మారిపోతుంది. ఉదాహరణకు ఎంజీబీ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు 1962 నుంచి 1980 దాకా తయారైంది. 1964 బండి ఒక గ్రిడ్‌లో (రేసు మొదలుకు కార్లు వరుసలుగా నిలబడే చోటు) ఉంటే 1975 బండి ఇంకో గ్రిడ్‌లో ఉంటుంది. మీరు ఏ గ్రిడ్‌లో నిలబడాలనుకుంటున్నారో ముందు తేల్చుకోండి.

అడుగు 3: కారు ఎంపిక

మొదటి కారు చిన్నదై ఉండాలి, తేలిగ్గా ఉండాలి, విడిభాగాలు దండిగా దొరకాలి. ఈ మూడూ ఉంటే అందం సంగతి తర్వాత. 1958లో వచ్చిన ఆస్టిన్ హీలీ స్ప్రైట్ చూడండి. బానెట్ మీద కప్ప కళ్లలా రెండు లైట్లు, లోపల 948 సీసీ ఇంజిన్. చూస్తే నవ్వొస్తుంది. మంచి డ్రైవర్ చేతిలో పడితే మలుపుల్లో పెద్ద కార్లకు చుక్కలు చూపిస్తుంది. దాని చుట్టం ఎంజీ మిడ్జెట్ కూడా అంతే. కొంచెం పెద్దది కావాలంటే ఎంజీబీ. 1798 సీసీ ఇంజిన్, రెండు ఎస్‌యూ కార్బురేటర్లు, ఐదు లక్షలకు పైగా తయారైన మోడల్. నాది అదే.

ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ తీసుకునేవాళ్లు వెనక సస్పెన్షన్ గురించి తెలుసుకోండి. స్వింగ్ యాక్సిల్ ఉన్న పాత స్పిట్‌ఫైర్‌లో, మలుపు మధ్యలో ఠక్కున యాక్సిలరేటర్ వదిలేస్తే వెనక భాగం పైకి లేచి, బయటి చక్రం కాలు మడత పడ్డట్టు లోపలికి మడుచుకుంటుంది. దాన్ని సరిచేసే మార్గాలున్నాయి, కానీ మీ క్లాసు ఒప్పుకుంటుందో లేదో చూసుకోవాలి. తొలితరం పోర్షె 911 కూడా మలుపులో భయపడి కాలు తీసినవాడిని క్షమించదు. ఇంజిన్ బరువంతా వెనకే కదా. జాగ్వార్ ఇ-టైప్ కల అందరికీ ఉంటుంది. ఉండనివ్వండి.

సొంతంగా కారు విప్పి కట్టుకోవాలా, రేసుకు సిద్ధంగా ఉన్నది కొనాలా? నా సమాధానం సూటిగా ఒకటే. ఇప్పటికే రేసులు చేస్తున్న కారు కొనండి. రోల్ కేజ్ (బండి బోల్తా పడితే డ్రైవర్‌ను కాపాడే ఉక్కు గొట్టాల చట్రం), సీటు, ఫ్యూయల్ సెల్ (గుద్దుకున్నా సులువుగా పగలని పెట్రోల్ ట్యాంకు), మంటలార్పే వ్యవస్థ, కాగితాలు, స్పేర్ల పెట్టె, అన్నీ విడివిడిగా కొంటే ఆ కారు ధరను దాటిపోతాయి. పైగా సొంతంగా కట్టే బండి "వచ్చే సీజన్‌కి రెడీ" అంటూ ఐదేళ్లు షెడ్డులోనే ఉంటుంది.

కొనేటప్పుడు పెయింటు చూసి మోసపోకండి. పైన పటారం లోన లొటారం అనే మాట పాత కార్ల కోసమే పుట్టిందేమో అనిపిస్తుంది. ఒక చిన్న అయస్కాంతానికి పల్చటి గుడ్డ చుట్టి డోర్ కింది భాగం మీద, చక్రాల పై వంపుల మీద మెల్లగా జరపండి. పట్టు వదిలిన చోట ఇనుము బదులు పుట్టీ ఉన్నట్టు. ఎంజీబీ లాంటి టాప్‌లేని కార్లలో బలమంతా డోర్ల కిందుండే సిల్స్‌లోనే. డోరుకీ బాడీకీ మధ్య సందు ఎంతుందో చూసుకుని, డోరు వెనక జాకీ పెట్టి ఎత్తండి. సందు మూసుకుపోతుంటే, డోరు పట్టేస్తుంటే, లోపల తుప్పు తినేసింది. దండం పెట్టి వచ్చేయండి.

అడుగు 4: ఒంటి మీద వేసుకునేవి

ఇక్కడ బేరాలు, సెకండ్ హ్యాండ్ వద్దు. హెల్మెట్ అంటే స్నెల్ అనే పరీక్షా సంస్థ 'ఎస్ఏ' ముద్ర లేదా ఎఫ్ఐఏ ముద్ర ఉన్న కార్ల హెల్మెటే కావాలి. బైకు హెల్మెట్‌ను మంటల కోసం పరీక్షించరు. సూటు, లోపలి బట్టలు, చేతి తొడుగులు, బూట్లు అన్నీ మంటకు తట్టుకునే రకమే ఉండాలి. వాటి మీద ఏ ప్రమాణం ముద్ర ఉండాలో మీ క్లబ్బు పుస్తకం చెబుతుంది.

మెడకు పెట్టుకునే హాన్స్ పరికరం గురించి "పాత కారు, తక్కువ స్పీడు, ఎందుకులే" అనేవాళ్లు ఇంకా ఉన్నారు. కారు గోడకు కొట్టుకున్నప్పుడు బెల్టులు ఒంటిని పట్టి ఆపుతాయి, తల మాత్రం ముందుకు పోతూనే ఉంటుంది. పుర్రె అడుగు భాగం విరిగేది అప్పుడే. రాబర్ట్ హబ్బర్డ్ అనే బయోమెకానిక్స్ ప్రొఫెసరూ, రేసర్ అయిన ఆయన బావమరిది జిమ్ డౌనింగ్ కలిసి 1980ల్లో దీన్ని తయారు చేశారు. ఫార్ములా వన్ 2003లో తప్పనిసరి చేసింది. మీ క్లాసులో తప్పనిసరి కాకపోయినా పెట్టుకోండి.

బెల్టులకు గడువు తేదీ ఉంటుంది. కుట్టు బాగానే కనిపించినా ఎండకు, చెమటకు పట్టీ బలం తగ్గుతుంది. కట్టుకునేటప్పుడు ముందు నడుము పట్టీని పొట్ట మీదకు రాకుండా తుంటి ఎముకల మీదకు దించి బిగించి, ఆ తర్వాతే భుజాలవి లాగాలి. టాప్‌లేని కారైతే, హెల్మెట్ పెట్టుకుని బెల్టులు బిగించుకుని కూర్చోండి. తల వెనకుండే ఉక్కు కమాను, అంటే రోల్ బార్, మీ హెల్మెట్ కన్నా కనీసం 5 సెం.మీ. ఎత్తు ఉండాలి. లేకపోతే సీటు దించాలి, లేదా బార్ మార్చాలి. మీరు పొడగరి అయితే కారు కొనకముందే ఈ పరీక్ష చేయండి.

మాస్టర్ స్విచ్చి గుర్తు నీలి త్రికోణంలో ఎర్ర మెరుపు, మంటలార్పే దాని గుర్తు ఎర్ర అంచున్న తెల్ల వృత్తంలో 'ఇ'. ఈ రెండూ బయటినుంచి మార్షల్‌కు కనిపించాలి, మీకు బెల్టులు బిగించి ఉన్నప్పుడు కూడా లోపలి నుంచి అందాలి. కళ్లు మూసుకుని చెయ్యి చాపి పట్టుకోవడం ఇంట్లోనే సాధన చేయండి. కారులోంచి బయటపడటం కూడా.

అడుగు 5: లైసెన్సు, జెండాలు

రేస్ లైసెన్సు ఇచ్చే పద్ధతి దేశాన్ని బట్టి మారుతుంది. సాధారణంగా గుర్తింపున్న స్కూల్లో ఒక రోజు, ట్రాక్ మీద పరీక్ష, రాత పరీక్ష, అవసరమైతే డాక్టర్ సర్టిఫికెట్. ట్రాక్ పరీక్షలో ఎవరూ రికార్డులు అడగరు. ప్రతి ల్యాప్ ఒకేలా, నింపాదిగా తిప్పుతున్నారా అనే చూస్తారు.

జెండాలు నిద్రలో అడిగినా చెప్పగలగాలి. పసుపు ఊపితే ముందు ప్రమాదం ఉంది, వేగం తగ్గించాలి, ఓవర్‌టేక్ చేయకూడదు. రెండు పసుపులైతే ఆగడానికి కూడా సిద్ధంగా ఉండాలి. పసుపు ఎరుపు చారలంటే రోడ్డు జారుతోంది, సాధారణంగా ఎవరో ఆయిల్ పోశారని. ఎరుపు అంటే సెషన్ ఆగిపోయింది. నీలం అంటే వెనక వేగమైన కారు వచ్చేసింది. నల్ల జెండాతో మీ నంబరు చూపిస్తే పిట్‌లోకి (ట్రాక్ పక్కన కార్లు ఆపి చూసుకునే చోటు) రావాలి. నల్ల జెండా మధ్యలో నారింజ చుక్క ఉంటే మీ కారులో ఏదో తేడా ఉంది, మీకు తెలియడం లేదు గానీ బయటివాళ్లకు కనిపిస్తోంది. దాన్ని చూసీ చూడనట్టు ఇంకో రెండు ల్యాపులు తిరిగేవాళ్ల ఆయిల్ మీదే మిగతావాళ్లు జారేది.

అడుగు 6: షెడ్డులో పని

అసలు రేసర్ జీవితం ఇక్కడే గడుస్తుంది. ఉద్యోగం నుంచి వచ్చి, తిని, రాత్రి తొమ్మిదికి షెడ్డు లైటు వేస్తే పన్నెండుకు ఆపడం. కాబట్టి ఏ పని ముందో తెలియాలి. నా వరుస ఇది: బ్రేకులు, స్టీరింగు, చక్రాలు, ఆయిల్, పెట్రోల్ లైన్లు, వైరింగ్. ఇంజిన్ పవరు ఆఖరున.

బ్రేకుల దగ్గర నిలబడదాం. వేగం రెట్టింపైతే బ్రేకులు మింగాల్సిన వేడి నాలుగు రెట్లవుతుంది. రోడ్డు మీద 80 కిలోమీటర్ల వేగం కోసం చేసిన బ్రేకే, ట్రాక్ మీద 160 దగ్గర ల్యాపుకు నాలుగైదు సార్లు పనిచేయాలి. 1953లో జాగ్వార్ లె మాన్ గెలవడానికి డిస్క్ బ్రేకులు కారణమని అందుకే చెప్పుకుంటారు. మిగతావాళ్ల డ్రమ్ములు వేడెక్కి పట్టు కోల్పోతుంటే వాళ్లు మలుపుకు ఇంకా దగ్గరగా వెళ్లి బ్రేకు వేసేవారు.

బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకానికి కొత్తగా ఉన్నప్పుడు మరిగే స్థాయి కనీసం 230 డిగ్రీలు. తేమ పట్టాక అది 155 దాకా పడిపోవచ్చు. ఈ అంకెలు నాకు పుస్తకంలో చదివితే ఎక్కలేదు. ఒక వేసవి రేసులో, ఆరో ల్యాపులో, పొడవాటి స్ట్రెయిట్ చివర బ్రేకు మీద కాలు పెడితే పెడల్ దూదిలోకి దిగినట్టు నేల దాకా పోయింది. నూనె మరిగి ఆవిరి బుడగలు కట్టింది, ఆవిరిని ఎంత నొక్కినా ప్యాడ్లు కదలవు. గబగబా రెండుసార్లు పంపు కొడితే కొంచెం పట్టింది. ఈలోగా సెకనుకు 44 మీటర్లు పోతున్నాం కదా, మలుపు దాటిపోయింది. కంకర గుంటలో కూరుకుపోయి ఆగాను. నూనె మార్చి ఏడాది దాటింది. "వచ్చే వారం చూద్దాం" అనుకున్న పని అది. ఇప్పుడు ప్రతి రెండు రేసులకూ కొత్త సీసా తెరుస్తాను. తెరిచి సగం మిగిలిన సీసా మళ్లీ వాడను.

నట్లూ బోల్టుల సంగతి. పాత కారు వణికినంతగా ఏదీ వణకదు, కాబట్టి ఏదైనా వదులవుతుంది. సస్పెన్షన్, స్టీరింగు, బ్రేకు క్యాలిపర్ల ప్రతి బోల్టునూ టార్క్ రెంచ్‌తో బిగించి, బోల్టు తల మీదనుంచి పక్క లోహం మీదకు పెయింటుతో ఒక గీత గీయండి. తర్వాత టార్చిలైటు వేసి చూస్తే చాలు, గీత తెగి ఉంటే బోల్టు కదిలింది. ఆయిల్ డ్రెయిన్ ప్లగ్‌కు లాక్ వైర్ కట్టాలి, బిగిసే దిక్కుకు లాగేలా. వదులయ్యే దిక్కుకు కట్టినవాళ్లను చూశాను, అందులో ఒకణ్ణి అద్దంలో రోజూ చూస్తాను.

ఇంజిన్ ఆయిల్ కొనేటప్పుడు జింక్ చూడండి. పాత ఇంజిన్లలో వాల్వులను తెరిపించే క్యామ్ మీద ట్యాపెట్ నేరుగా రాసుకుంటుంది. ఆ రాపిడిని కాచేది జింక్, ఫాస్ఫరస్ కలిసిన రసాయనం. ఆధునిక ఆయిళ్లలో క్యాటలిటిక్ కన్వర్టర్లకు మంచిది కాదని దాన్ని తగ్గించారు. కొత్త కారు కోసం చేసిన ఖరీదైన ఆయిల్ మీ క్యామ్‌ను అరగదీస్తుంది. పాత ఇంజిన్ల కోసమే చేసిన 20డబ్ల్యూ-50 రకాలు ఉన్నాయి. పొడవైన మలుపులో ఆయిల్ ప్రెషర్ ముల్లు ఒక్క క్షణం పడి లేస్తుంటే, సంప్‌లో (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) ఆయిల్ ఒక పక్కకు పోయి పంపుకు అందడం లేదని అర్థం. సంప్‌లో అడ్డు పలకలు పెట్టించేదాకా రేసు మానుకోండి. బేరింగులు పోవడానికి ఎన్నో సెకన్లు పట్టవు.

పెట్రోల్‌లో ఇథనాల్ కలుస్తోంది కాబట్టి పాత రబ్బరు గొట్టాలన్నీ తీసేసి దాన్ని తట్టుకునేవి వేయండి. పైకి బాగున్నట్టే ఉండి లోపల పొరలు ఊడి కార్బురేటర్‌లో ఇరుక్కుంటాయి.

కార్బురేటర్ల దగ్గరికొస్తే నాకు పనిలా అనిపించదు. రెండు ఎస్‌యూలనూ సమంగా కుదర్చడానికి ఖరీదైన మీటర్లు అక్కర్లేదు. ఒక రబ్బరు ట్యూబు ముక్క ఒక కొస చెవి దగ్గర, ఇంకో కొస కార్బురేటర్ నోటి దగ్గర పెట్టండి. 'స్స్స్' అని గాలి పీల్చే చప్పుడు వినిపిస్తుంది. రెండో దాని దగ్గరా వినండి. ఒకటి గట్టిగా, ఒకటి మెల్లగా ఉంటే స్క్రూ తిప్పుతూ రెండూ ఒకే శ్రుతికి తేవాలి. తంబూరా శ్రుతి చేసినట్టే. శ్రుతి కలిసిన క్షణం ఇంజిన్ వణుకు తగ్గి, సీటు మీద పెట్టిన పానాలు గలగలలాడటం ఆగుతుంది.

ఎలక్ట్రికల్ పనుల్లో ఒకటే చెబుతాను. ప్లగ్గులకు కరెంటు పంచే రోటర్ ఆర్మ్ స్పేర్ ఒకటి దగ్గర పెట్టుకోండి. ఒకసారి గ్రిడ్‌లో స్థానం తేల్చే క్వాలిఫయింగ్‌లో నా ఇంజిన్ 4,000 ఆర్‌పీఎం దాటితే చాలు, దగ్గడం మొదలుపెట్టింది. ప్లగ్గులు మార్చాం, కాయిల్ మార్చాం, కార్బురేటర్లు విప్పాం, ఫ్యూయల్ పంపు విప్పాం. నాలుగు గంటలు. చివరికి చూస్తే, డిస్ట్రిబ్యూటర్ మూత కింద బొటనవేలంత రోటర్ ఆర్మ్‌లో వెంట్రుకవాసి చీలిక. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే. పాయింట్లు, కండెన్సర్, ఫ్యాన్ బెల్ట్, థ్రాటిల్ కేబుల్ కూడా అదే డబ్బాలో ఉంచండి.

అడుగు 7: నడపడం

పాత కాలపు క్రాస్‌ప్లై రేసింగ్ టైరుకూ, మీ రోజువారీ కారు రేడియల్‌కూ నడకే వేరు. క్రాస్‌ప్లై టైరు కొంచెం జారుతూనే పట్టు ఇస్తుంది, ఆ జారడం మెల్లగా, చెప్పి మరీ వస్తుంది. పాత ఫోటోల్లో కారు ఒక దిక్కు చూస్తూ ఇంకో దిక్కుకు పోతున్నట్టు కనిపించేది అందుకే. స్టీరింగును రెండు చేతులతో గట్టిగా పట్టుకుని కుస్తీ పడితే ఆ కబురు మీకు అందదు. వేళ్లతో పట్టుకోండి. నడుము కింద సీటు చెప్పేది వినండి.

మొదటి పది సెషన్లు ఒకటే సాధన: నేరుగా ఉన్నప్పుడే బ్రేకు పని పూర్తి చేయడం, మలుపులోకి నిదానంగా వెళ్లడం, బయటికి వచ్చేటప్పుడు తొందరగా యాక్సిలరేటర్ తొక్కడం. మలుపు తర్వాత పొడవాటి స్ట్రెయిట్ ఉంటే, బయటికొచ్చేటప్పటి ప్రతి కిలోమీటరు వేగమూ ఆ దారంతా మీతో వస్తుంది. లోపలికి దూసుకెళ్లినవాడు మధ్యలో తడబడి అదంతా పోగొట్టుకుంటాడు. చూపు ముందుండాలి. బ్రేకు వేసేటప్పటికే కన్ను ఏపెక్స్ (మలుపు లోపలి అంచుకు కారు బాగా దగ్గరయ్యే చోటు) మీద, ఏపెక్స్ చేరేటప్పటికి కన్ను మలుపు చివర మీద.

తర్వాత కుడికాలి విద్య. బ్రేకు వేస్తూనే గేరు తగ్గించాలి, కానీ క్లచ్ వదిలినప్పుడు ఇంజిన్ వేగం, చక్రాల వేగం కలవకపోతే వెనక చక్రాలు ఒక్క కుదుపుతో బిగుసుకుని బండి గిర్రున తిరిగిపోతుంది. అందుకని కుడి పాదం ముందు భాగం బ్రేకును నొక్కి పట్టి ఉండగానే, అదే పాదం కుడి అంచును పక్కకు ఒరిగించి యాక్సిలరేటర్‌ను ఒక్క తట్టు తట్టాలి. ఇంజిన్ 'వ్రూమ్' అన్న ఆ క్షణంలో గేరు పడాలి, క్లచ్ వదలాలి. ఈలోగా బ్రేకు మీద ఒత్తిడి ఒక్క ఇసుమంత కూడా మారకూడదు. మొదట్లో తల మీద చెయ్యి తిప్పుతూ పొట్ట మీద తట్టినట్టే ఉంటుంది. నేను నెల రోజులు ఆగి ఉన్న కారులో, ఇంజిన్ ఆపేసి సాధన చేశాను. పెడళ్ల ఎత్తు మీ పాదానికి సరిపోకపోతే యాక్సిలరేటర్ మీద చిన్న రేకు ముక్క బిగించుకోండి, సిగ్గుపడాల్సిందేమీ లేదు.

వర్షంలో మామూలు లైను, అంటే పొడి ట్రాక్ మీద అందరూ పట్టే దారి, వదిలేయండి. అన్ని కార్లూ రుద్దిన రబ్బరు, ఆయిల్ అక్కడే పేరుకుని ఉంటాయి, తడిస్తే సబ్బు పూసినట్టే. ఒక కారు వెడల్పు బయటికి వెళితే గరుకు రోడ్డు దొరుకుతుంది. తక్కువ పవరున్న చిన్న కార్లకు వాన దేవుడిచ్చిన వరం.

అడుగు 8: రేసు వారాంతం

ముందు రాత్రి నిద్రపోండి. ఇది చెప్పినంత తేలిక కాదని నాకూ తెలుసు. లిస్టు కాగితం మీద రాసుకుని ట్రెయిలర్ ఎక్కించేటప్పుడు టిక్ పెట్టండి. నేను ఒకసారి బూట్లు మర్చిపోయి, రెండు సైజులు చిన్నవి అరువు తెచ్చుకుని రేసు చేశాను.

పొద్దున పేర్ల నమోదు, తర్వాత కారు తనిఖీ. ఇన్‌స్పెక్టర్ మీద చిరాకు పడకండి, బ్యాటరీ బిగింపు ఊపి చూసే ఆ మనిషి మీవైపే ఉన్నాడు. శబ్దం కొలిచే చోట్ల సైలెన్సర్ పాసవ్వాలి. ఆ తర్వాత డ్రైవర్ల మీటింగ్. అందులో స్టార్ట్ పద్ధతి వింటూ రాసుకోండి.

ట్రాక్ మీదికి వెళ్లేముందు ఇంజిన్ వేడెక్కనివ్వాలి. నీళ్ల వేడి చూపే ముల్లు తొందరగా లేస్తుంది, ఆయిల్ వేడెక్కడానికి ఇంకా సమయం పడుతుంది. నీళ్ల ముల్లు చూసి రెచ్చిపోతే బేరింగులు ఏడుస్తాయి. మొదటి సెషన్ అవగానే చక్రాల నట్లు మళ్లీ బిగించండి. టైరు వేడిని కొలిచే పరికరం ఉంటే లోపలి అంచు, మధ్య, బయటి అంచు మూడు చోట్లా గుచ్చి చూడండి. మధ్యలో ఎక్కువ వేడిగా ఉంటే గాలి ఎక్కువైంది, రెండు అంచులూ వేడిగా ఉండి మధ్య చల్లగా ఉంటే తక్కువైంది. ఇంకోటి: సెషన్ అయ్యాక హ్యాండ్‌బ్రేకు వేయకండి. కాలుతున్న డ్రమ్ముకు లైనింగు అతుక్కుపోతుంది. చక్రం కింద చెక్కముక్క పెట్టండి.

గ్రిడ్ మీద నిలబడ్డప్పుడు గుండె చప్పుడు హెల్మెట్‌లో వినిపిస్తుంది. టెన్షన్ అందరికీ ఉంటుంది, పాతికేళ్లుగా చేస్తున్నవాళ్లకూ. మొదటి రేసులో వెనక నుంచి బయల్దేరండి. మొదటి మలుపులో ఇరవై కార్లు ఒకే చోటికి ఎలా వెళతాయో వెనక నుంచి చూస్తే చాలా నేర్చుకుంటారు.

అడుగు 9: పక్క కారు

మీ పక్కనున్న కారు ఎవరో పదేళ్లు కూడబెట్టి కట్టుకున్నది. దాని ముందు మడ్‌గార్డ్ మళ్లీ దొరకకపోవచ్చు. అందుకే పాత కార్ల రేసుల్లో తగలడం నేరం కింద లెక్క. అమెరికాలోని కొన్ని వింటేజ్ క్లబ్బుల్లో 13/13 అనే నియమం ఉంది. తప్పు మీదైతే 13 నెలలు నిషేధం, ఆపైన ఇంకో 13 నెలలు నిఘా. మీరు వెనకున్నప్పుడు బ్రేకు వేసే చోటుకే పక్కకు వచ్చి కనిపించాలి, ఆఖరి క్షణంలో ముక్కు దూర్చకూడదు. మీరు ముందున్నప్పుడు, నీలం జెండా చూడగానే భయపడి పక్కకు లాగేయకండి. మీ లైనులోనే నిలకడగా వెళ్లండి, వేగంగా వచ్చినవాడే దారి చూసుకుంటాడు. ఎటు కదులుతుందో తెలియని నిదానమైన కారే అందరికీ ప్రమాదం.

తప్పు మీదైతే హెల్మెట్ తీసిన వెంటనే వాళ్ల దగ్గరికి నడిచి వెళ్లండి. సంజాయిషీలు తర్వాత.

అడుగు 10: డబ్బు, ఇల్లు

ఏడాది ఖర్చు అంచనా వేయండి. దానికి సగం కలపండి. అప్పుడు కూడా తక్కువే అవుతుంది, కానీ షాక్ తగ్గుతుంది. ఎంట్రీ ఫీజు కన్నా టైర్లు, ప్రయాణం, పాడైపోయిన భాగాలే ఎక్కువ తింటాయి. మామూలు కారు ఇన్సూరెన్సు ట్రాక్ మీద పనిచేయదు. షెడ్డులో ఉన్నప్పుడు, ట్రెయిలర్ మీద ఉన్నప్పుడు వర్తించే పాలసీ విడిగా తీసుకోవాలి. ట్రాక్ మీద కారు పోతే మీది మీకే. కాబట్టి రేపు గోడకు గుద్దినా ఇల్లు గడిచే ధరలోనే కారు ఉండాలి.

ఏడాదికి ఐదారు రేసులు చాలు. సీజన్ క్యాలెండర్ రాగానే ఇంట్లో అందరితో కూర్చుని పుట్టినరోజులు, పెళ్లిళ్లు, పరీక్షలు ముందు కొట్టేసి, మిగిలిన వారాల్లో రేసులు పెట్టుకోండి. ఈ పని తిరగేసి చేసిన మిత్రుడి కారు ఇప్పుడు అమ్మకానికి ఉంది. మంచి కారే, కావాలంటే చెబుతాను.

అడుగు 11: సోమవారం రాత్రి

ఇంటికొచ్చాక కారును కవరు కప్పి వదిలేయాలనిపిస్తుంది. వద్దు. ఒక్క గంట కూర్చోండి. కారు కడిగితే సగం జబ్బులు కనిపిస్తాయి. మురికిలో దాగిన పగుళ్లు, ఆయిల్ చెమ్మ, వదులైన క్లిప్పులు. చక్రాలు విప్పి ప్యాడ్లు కొలవండి. జ్ఞాపకం పచ్చిగా ఉన్నప్పుడే నోట్‌బుక్‌లో రాసేయండి, వారం దాటితే ఏ మలుపులో ఏం జరిగిందో కలగాపులగం అయిపోతుంది. ఎలా రాయాలని అడిగేవాళ్లకు, నా పోయిన వారం పేజీ ఇది:

"ముందు ప్యాడ్లు: ఎడమ 7 మి.మీ., కుడి 7.5. బ్రేకు నూనె మార్చాలి. డిఫరెన్షియల్ కింద చెమ్మ, గుడ్డతో తుడిచి మళ్లీ చూడు. వెనక ఎడమ షాక్ అబ్జార్బర్ బోల్టు గీత తెగింది, బిగించాను. రోటర్ ఆర్మ్ స్పేర్ ఒకటే ఉంది, ఇంకోటి కొను. మూడో మలుపు: ఇంకా తొందరపడి బ్రేకు వేస్తున్నా. 14వ స్థానం, 22 మందిలో. కారు సొంత చక్రాల మీదే ట్రెయిలర్ ఎక్కింది."